నది లేని జిల్లాలో ఇన్ని ఊళ్ళు ఎట్లా పుట్టినాయి?

పాకాల_పిచ్చోడు
మా అత్తగారిది నెల్లూరు జిల్లాలో కోవూరు పక్క. ఇంటి వెనకే పెన్నా కాలువ. పండక్కి పోతే చాలు, మా బామ్మర్ది ఒకటే పాట: "బావా, మీ పక్క బోర్లలో కూడా నీళ్ళు లేవు గదా, అంతమంది జనం ఎందుకుండారు అక్కడ?" ఈసారి నిజంగానే ఆలోచనలో పడ్డా. మా చేలో బోరు వెయ్యి అడుగులు దాటినా దుమ్మే వచ్చింది. పుస్తకాల్లో ఏమో నదుల పక్కనే నాగరికతలు, డెల్టాల్లోనే జనం అంటారు. ఈజిప్టులో నూటికి 95 మంది నైలు ఒడ్డునే ఉంటారంట. మరి పాత చిత్తూరు జిల్లా ఏ లెక్కలో వస్తుంది? మన పెద్దోళ్ళు ఏం చూసి ఇక్కడ దిగినారు? తెలిసినోళ్ళు చెప్పండి. బామ్మర్ది నోరు మూయించే జవాబు కావాల.

అలిపిరి_మెట్లు
స్వర్ణముఖి నది కాదా సామీ?

పాకాల_పిచ్చోడు
నదే అన్నా. ఏడాదిలో ఎక్కువ రోజులు అందులో పిల్లోళ్ళు క్రికెట్ ఆడతారు, అంతే.

బోరు_లారీ
వెయ్యి అడుగులా? పాయింటు ఎవరు పెట్టినారు, టెంకాయతో నీళ్ళు చూసే సామా, పుల్లలతో చూసే సామా? 😀

చంద్రగిరి_టీచరమ్మ
బళ్ళో ఇదే పాఠం చెప్తాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు వాన సంగతి. మన దగ్గర వాన మరీ తక్కువేం కాదు. పాత జిల్లా సగటు ఏడాదికి 900 మిల్లీమీటర్ల పైచిలుకు. అనంతపురం వాళ్ళు వింటే కుళ్ళుకుంటారు. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమల దగ్గరే బాగా కురిసేసి మన వైపు బలహీనంగా వస్తాయి. ఆ లోటును అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాయుగుండాలు పూడుస్తాయి. అదీ అందరికీ సమానంగా కాదు. సత్యవేడు, శ్రీకాళహస్తి, తిరుపతి వైపు గట్టిగా పడుతుంది. కొండలు దాటి మదనపల్లె, తంబళ్ళపల్లె చేరేసరికి సన్నగిల్లిపోతుంది.

అసలు చిక్కు వాన కాదు, వాలు. మనం మైసూరు పీఠభూమి తూర్పు అంచున ఉన్నాం. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 2,300 అడుగుల ఎత్తు, చిత్తూరు వెయ్యి పైన, తిరుపతి 500 పైన. పడిన నీళ్ళు ఈ వాలులో నిలబడవు, మూడు దిక్కులకూ పోతాయి. నీవా, పొన్నై పాలారులో కలిసి తమిళనాడుకు. స్వర్ణముఖి, కాళంగి, అరణియార్ తూర్పుకు, సముద్రం వైపు. బాహుదా, పింఛా కలిసి చెయ్యేరై పెన్నాలోకి. అంటే పాకాల అన్నా, మీ బామ్మర్ది మడిలో పారే నీళ్ళలో మదనపల్లె వాన కూడా ఉంది. ఈసారి పండక్కి పోయినప్పుడు అద్దె అడగండి.

నీళ్ళు నిలవని చోట నిలబెట్టడమే మన వాళ్ళు చేసిన పని. రెండు గుట్టల మధ్య సందు కనబడితే చాలు, అడ్డంగా కట్ట వేసి, తూము పెట్టి, కింద మడి చేసి, పక్కన ఊరు కట్టుకున్నారు. పై చెరువు మొరవ పోతే, అంటే నిండి పొర్లితే, ఆ నీళ్ళు కింది చెరువుకు. అట్లా గొలుసుగా వేల చెరువులు. ఎగుడుదిగుడు నేల నదికి పనికిరాదు గానీ చెరువుకు అంత అనువైనది ఇంకోటి లేదు. డెల్టాలో ఈ పని చేయమంటే గుట్టలెక్కడివి?

పాకాల_పిచ్చోడు
అద్దె 😂😂 అక్కా, ఈ ఒక్క మాట చాలు నాకు. థ్రెడ్ మూసేయొచ్చు.

రాయలచెరువు_కట్ట
మూయొద్దు. టీచరమ్మ చెప్పినట్టాంటి చెరువు కిందనే మా ఇల్లు, తిరుపతి దగ్గర రాయలచెరువు. 2021 నవంబరు వానలకు మా చెరువు నిండి, కట్టకు కింది వైపు నీళ్ళు ఊరడం మొదలయింది. ముందు తేట నీళ్ళు, తరవాత బురద నీళ్ళు. తెలిసినోళ్ళు బురద నీళ్ళు చూసే భయపడినారు, కట్ట లోపలి మట్టి కరిగి వస్తుందని అర్థం కాబట్టి. కింద ఊళ్ళన్నీ ఖాళీ చేయించినారు. ఇసుక బస్తాలు, జేసీబీలు, రాత్రంతా టెన్షన్. కట్ట నిలిచింది. అదే వానకు కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కొట్టుకుపోయింది, ఊళ్ళు పోయినాయి. మీరు నీళ్ళు లేవని ఏడుస్తాండారు. మాకు ఆ వారం నీళ్ళు తప్ప ఏమీ లేవు.

అలిపిరి_మెట్లు
ఆ వారం తిరుపతి వీధుల్లో కార్లు తేలినాయి. చెరువులు పూడ్చి కాలనీలు కట్టుకుంటే నీళ్ళు పాత దారి మరిచిపోతాయా?

బోరు_లారీ
జోకులు పక్కన పెట్టి ఒక మాట. మన కింద ఉండేది గ్రానైటు. పైన ఎర్రమట్టి, దాని కింద గరుసు, అంటే మెత్తబడిన రాయి. నీళ్ళు ఉండేది ఆ గరుసులోనే. మా తాతల బావులన్నీ అక్కడిదాకే. కేసింగు పైపు దిగినాక ఇక అంతా గట్టి రాయి, తెల్ల దుమ్ము లేస్తానే ఉంటుంది. రాయిలో చీలిక తగిలితే నీళ్ళు, లేకుంటే లేదు. ఆ చీలిక మీ పక్క చేనులో ఉండి మీ చేనులో లేకపోవచ్చు. అందుకే పక్కోడికి రెండించుల నీళ్ళు పడి మీకు దుమ్ము వస్తుంది. నేను లోతు తగ్గించమనే చెప్తా. రైతు వినడు. "ఇంకో వంద కొట్టు" అంటాడు. కొడతా, అడుగుకింత అని బిల్లు వేస్తా. గంగా యమునా మైదానంలో వందల అడుగుల ఒండ్రు మట్టి, అంతా తడి. మన రాయితో దానికి పోలికే లేదు.

మదనపల్లె_మండీ
అందరూ ఎత్తును తిడతాండారు గానీ ఆ ఎత్తే మా అన్నం. ఏప్రిల్, మే నెలల్లో కింద తిరుపతిలో, నెల్లూరులో టమాటా పూత ఎండకు రాలిపోతుంది. మా దగ్గర రాత్రి కొంచెం చల్లబడుతుంది కాబట్టి పిందె నిలబడుతుంది. అందుకే మైదానంలో కాయ లేని రోజుల్లో మా మార్కెట్టుకు లారీలు వస్తాయి, చెన్నైకి, కేరళకు, ఇంకా ఉత్తరాదికి. 2023 జులైలో కిలో 150 దాటినప్పుడు దేశమంతా టీవీల్లో మా ఊరి పేరే. అదే ఊళ్ళో వేరే నెలల్లో బాక్సు దించిన బాడుగ కూడా రాక రోడ్డు పక్కన పారబోసి పోతారు. అది టీవీలో రెండు నిమిషాలు.

ఇంకోటి. ఆ చల్లటి పొడి గాలి కోసమే 1915లో ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి పెట్టినారు. మందులు లేని రోజుల్లో గాలే మందు.

పాల_క్యాను
మొగిలి ఘాటు ఎక్కితే పలమనేరు వైపు ఇంకో లోకం. పట్టుపురుగులకు, పాడికి ఆ వాతావరణం కుదురుతుంది. వాన సరిగ్గా పడక చెనక్కాయలో గింజ రాకపోయినా కట్టె, అంటే ఎండు చెట్టు, వస్తుంది. అది ఆవు తింటుంది. పదిహేను రోజులకొకసారి పాల బిల్లు వస్తుంది. మా అమ్మ మమ్మల్ని చదివించింది ఆ బిల్లుతోనే, పంటతో కాదు. పుంగనూరు ఆవు మూడడుగుల లోపు ఎత్తు ఎందుకుంది అనుకుంటాండారు? కొంచెం మేత, కొంచెం నీళ్ళతో బతికేది కాబట్టే ఈ నేలలో నిలిచింది. ఇప్పుడేమో హైదరాబాదులో డబ్బున్నోళ్ళు ఇంట్లో ముద్దుకు పెంచుకుంటాండారు, ధర వింటే కళ్ళు తిరుగుతాయి.

కుప్పం_కుర్రోడు
ఎత్తు గొప్పలు చాలు. మా కుప్పం నేలలో పాలారు పారుతుంది, పేరుకు. పైన కర్ణాటకలో చెరువులు నిండితేనే మాకు. కృష్ణా నీళ్ళు తెస్తామని చిన్నప్పటి నుంచి వింటానే ఉండాం. 1996లోనే చెన్నైకి కృష్ణా నీళ్ళు పోయినాయి. మా రాష్ట్రంలో నీళ్ళు పక్క రాష్ట్రానికి ముందు, మాకు 2025లోనా? ఇది భూగోళం కాదు, రాజకీయం.

లస్కరు_బాబు
తమ్ముడూ, కోపం న్యాయమే గానీ ఒకసారి మట్టాలు చూడు. శ్రీశైలం నిండితే నీటిమట్టం 885 అడుగులు. అక్కడ నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు, సోమశిల, కండలేరు, పూండి. చెన్నైకి నీళ్ళిచ్చే 1983 ఒప్పందంలోని తెలుగుగంగ దారి ఇది. దూరం ఎక్కువే, కానీ వాలు వెంబడి దిగుతా పోతుంది, కాలువ తవ్వితే చాలు. మీ కుప్పం, పలమనేరు 2,200 అడుగుల చుట్టుపక్కల. అంటే శ్రీశైలం నిండుగా ఉన్నప్పుడు కూడా ఒక్కో చుక్క కనీసం 1,300 అడుగులు పైకెక్కాల. దారిలో దిగి మళ్ళీ ఎక్కేది వేరే. ఎన్ని పంపుహౌసులు, ఎంత కరెంటు! ఆలస్యంలో రాజకీయం లేదని నేననను. అసలు కష్టం మాత్రం కొండది.

కుప్పం_కుర్రోడు
సరే అన్నా, 1,300 అడుగులు ఒప్పుకుంటా. అయితే ఆ కరెంటు బిల్లు ఎవరు కడతారు, ఎన్నేళ్ళు కడతారు? ఒక పార్టీ వచ్చి ఆపేస్తే?

మోడరేటర్
పార్టీల దాకా పోవద్దు. ఇంతకుముందు ఒక థ్రెడ్డు అట్లానే తగలబడింది.

కువైట్_పీలేరు
డ్యూటీ అయిపోయి రూములో పడుకొని అంతా చదివినా. నేనుండే కువైట్‌లో ఒక్క నది లేదు, ఒక్క చెరువు లేదు. తాగే నీళ్ళు దాదాపు అన్నీ సముద్రపు ఉప్పు తీసినవే. ఆయిలు రాకముందు కూడా ఇక్కడ ఊరు ఉండింది. మంచి రేవు, పడవలు, ముత్యాలు. తాగే నీళ్ళు మాత్రం షత్తల్ అరబ్ నది నుంచి పడవల్లో తెచ్చుకునేవాళ్ళంట. 1938లో బుర్గాన్‌లో ఆయిలు పడింది, 1946లో మొదటి ఓడ పోయింది. ఇప్పుడు చూడండి. నీళ్ళు ఉన్న చోటికే జనం పోతారనేది ఉత్త మాట. డబ్బున్న చోటికి జనం పోతారు, నీళ్ళు వెనకాలే వస్తాయి. పీలేరు, రాయచోటి నుంచి ఇంతమందిమి ఇక్కడ ఉండడమే సాక్ష్యం.

చంద్రగిరి_టీచరమ్మ
రేవూ భూగోళమే, ఆయిలూ భూగోళమే కదా తమ్ముడూ. పైగా మీ ఊరోళ్ళు కువైట్ పోవడానికి కారణం బోరు_లారీ చెప్పిన గ్రానైటే.

బోరు_లారీ
అన్నిటికీ నా లారీనే దొరికిందా? నేను కొట్టే చోట ఒక్కసారి ఆయిలు పడితే ఎవురికీ చెప్పను.

కువైట్_పీలేరు
ఒప్పుకోను అక్కా. ఒకే గ్రానైటు బెంగళూరు కిందా ఉంది. ఆ ఊరికీ పెద్ద నది లేదు. కావేరి నీళ్ళు కొండ మీదికి పంపు చేసి తాగుతాండారు. కుప్పానికి భారమైన ఎత్తు బెంగళూరుకు ఎందుకు భారం కాలేదు? ఓట్లు, డబ్బు, కంపెనీలు. భూగోళం బీదోడికే అడ్డం వస్తుంది.

లస్కరు_బాబు
ఇది మాత్రం గట్టి పాయింటు. తాగే నీళ్ళకు, సాగు నీళ్ళకు తేడా ఉందని మాత్రం అంటా. తాగే దానికి ఎంత ఖర్చయినా పెడతారు. వరి మడికి ఆ లెక్క కుదరదు.

మామిడి_తోట
వరి ఎవరు వేయమన్నారు? మన గుట్టల అంచున నీళ్ళు నిలవని ఎర్రనేల మామిడికి సరిగ్గా సరిపోతుంది. ఒకసారి వేరు పట్టినాక చెట్టు బోరు కోసం చూడదు. అందుకే దామలచెరువు మార్కెట్టు, బంగారుపాళెం వైపు గుజ్జు ఫ్యాక్టరీలు. ఊరంతా తోతాపురినే, ఎందుకంటే ఫ్యాక్టరీకి అదే కావాల. కానీ 2025లో ఏమయింది? కాయ విరగ్గాసింది, ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు కిలోమీటర్ల లైను. లైన్లో నిలబడి నిలబడి కాయ మాగిపోయి, ట్రాలీ అడుగు నుంచి రసం కారి రోడ్డు మీద ఈగలు. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 అన్నారు. ఆ 8 కూడా అందరికీ రాలేదు. నేల ఏం చేస్తుంది దానికి? ఒకే కాయ మీద జిల్లా అంతా కూర్చుంటే అట్లానే ఉంటుంది.

మదనపల్లె_మండీ
టమాటాకు కూడా గుజ్జు ఫ్యాక్టరీలు కావాలని ఎన్నేళ్ళుగా అడుగుతాండామో. మీకు లైన్లన్నా ఉండాయి.

కాళహస్తి_కలం
స్వర్ణముఖిని క్రికెట్ గ్రౌండు అన్నారు కాబట్టి చెప్తాండా. మా కలంకారీ ఇక్కడ నిలిచిందే ఆ నది వల్ల. బట్టను కరక్కాయ, పాలల్లో తడిపి ఆరబెట్టి, ఇనుము బెల్లం నానబెట్టిన నల్ల రసంతో గీతలు గీసి, ఎరుపు కావాల్సిన చోట పటిక పూస్తాం. పటిక పూసినాక ఉతికేది పారే నీళ్ళలోనే. నిలవ నీళ్ళలో ముంచితే ఎక్కువైన పటిక బట్టంతా అంటుకొని, రంగు పెట్టినాక మరకలు తేలుతాయి. పారే నీళ్ళు దాన్ని లాక్కొని పోతాయి. ఇసుక మీదే ఆరేసుకుంటాం. ఇప్పుడు ఏటిలో గుంత తవ్వుకొని, లేదంటే మోటారు పెట్టుకొని పైపు నీళ్ళతో పని నడిపిస్తాండాం. బోరు నీళ్ళు ఒక్కో చోట ఒక్కో రకం, ఎరుపు ఒకసారి వచ్చినట్టు ఇంకోసారి రాదు. కొనేవాళ్ళు రంగు తేడా అంటారు, నది తేడా అని వాళ్ళకేం తెలుసు.

నగరి_మగ్గం
మా వైపు పుత్తూరు, నగరి, నారాయణవనం మగ్గాలకు నది కాదు కారణం, చెన్నై దగ్గర కావడమే. నూలు అక్కడ నుంచి, చీర అక్కడికే. కరెంటు పోతే మాత్రం మీ మోటారూ మా మగ్గమూ ఒకటే.

షార్_బస్సు
జిల్లా విడిపోయినాక మా సూళ్ళూరుపేట కూడా తిరుపతి జిల్లానే, కాబట్టి నేను మాట్లాడొచ్చు. రాకెట్లు ఎగరేసే శ్రీహరికోటను మించిన ఉదాహరణ ఇంకోటి లేదు. ఒక పక్క పులికాట్ సరస్సు, ఒక పక్క సముద్రం, మధ్యలో దీవి. తూర్పున వేల కిలోమీటర్లు నీళ్ళే, ఏదన్నా కూలితే ఎవరి నెత్తిన పడదు. భూమి తిరిగేది తూర్పుకు కాబట్టి అటు ఎగరేస్తే ఊరికే వేగం కలుస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ ఆ లాభం ఎక్కువ, మనం 13 డిగ్రీల పైన ఉన్నాం. 1971లో మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. కానీ దక్షిణానికి పోవాల్సిన పీఎస్‌ఎల్‌వీ రాకెట్టుకు శ్రీలంక అడ్డం. నేరుగా పోకుండా మధ్యలో వంపు తిరగాల, ఆ వంపుకు ఇంధనం ఖర్చు, బరువు తగ్గుతుంది. అందుకే చిన్న రాకెట్ల కోసం తమిళనాడు చివర్న కులశేఖరపట్టణంలో ఇంకో కేంద్రానికి 2024లో శంకుస్థాపన చేసినారు.

ఎవరూ చెప్పని సంగతి ఇంకోటి ఉంది. ఆ దీవిలో ముందు నుంచి ఉండింది యానాదులు. అడవి, చేపలు, వాళ్ళ బతుకు. అనువైన చోటు అని మ్యాపు మీద వేలు పెట్టేటప్పుడు అక్కడ ముందే ఎవరుండారో కూడా చూడాల.

శ్రీసిటీ_షిఫ్టు
మా శ్రీసిటీ పారిశ్రామికవాడ 2008లో మొదలైంది. చదును నేల, హైవే, చెన్నై 55 కిలోమీటర్లు, రేవులు దగ్గర. మొదట్లో ఊళ్ళో అందరూ వేరుశెనగ, వరి. ఇప్పుడు ఇంటికొకరు షిఫ్టుకు పోతాండారు. బస్సులో నా పక్క సీటులో కూర్చునే అమ్మాయిది తంబళ్ళపల్లె వైపు. అంటే పడమటి ఎత్తు నుంచి జనం తూర్పు చదునుకు దిగుతాండారు, టీచరమ్మ చెప్పిన నీళ్ళ మాదిరే.

పాకాల_పిచ్చోడు
బాగుంది. అయితే తిరుపతి? దానికి రేవు లేదు, చదునూ అంతంత మాత్రమే, ఫ్యాక్టరీలూ కొత్తవే. దేవుడు ఒక్కడే కారణమా?

అలిపిరి_మెట్లు
దేవుడే. ఇంకేం కావాల?

చంద్రగిరి_టీచరమ్మ
దేవుడి వెనకాల కూడా చెరువులున్నాయి. విజయనగర కాలంలో భక్తులు నైవేద్యాలకని గుడికి డబ్బు ఇచ్చేవాళ్ళు. గుడి ఆ డబ్బును దాచిపెట్టకుండా తన ఊళ్ళలో చెరువులు, కాలువలు తవ్వించేది. పెరిగిన పంటలో వచ్చిన భాగంతో ఆ నైవేద్యం నడిచేది. తిరుమల గోడల మీది శాసనాలు చదివితే ఇదే కనిపిస్తుంది. అంటే యాత్రికుల సొమ్ము కొండ దిగి మడి అయ్యేది. ఆ తరవాత చంద్రగిరి విజయనగర రాజుల రాజధాని అయింది. కొండల మధ్య దారిని కాపు కాసే కోట అది. 1639లో మద్రాసు నేల ఇంగ్లీషు వాళ్ళకు ఇచ్చింది కూడా చంద్రగిరి రాయల కింది నాయకులే. మనం ఇచ్చిన ఊరికే ఇప్పుడు మన మగ్గాలు, మన టమాటాలు పోతాండాయి.

బోరు_లారీ
కొండ రాయి వేరు అక్కా. ఘాటు రోడ్డులో బోర్డు పెట్టినారు చూడండి. కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు అంటే గట్టిపడిన ఇసుకరాయి, రెండింటి వయసుకూ మధ్య 80 కోట్ల ఏళ్ళ తేడా. పై రాయి నిండా పగుళ్ళు. వాన దిగి కపిలతీర్థం లాంటి చోట్ల బయటపడుతుంది. ఎర్రచందనం కూడా ఆ రాళ్ళ నేలలోనే బాగా వస్తుంది. మా లారీకి అక్కడ పర్మిషన్ ఇవ్వరు, అదొక్కటే బాధ.

కుప్పం_కుర్రోడు
ఎర్రచందనం మాట ఎత్తినారు, ఇక మోడరేటర్ వస్తాడు చూడండి.

రేణిగుంట_గేటు
నన్ను ఎవరూ పిలవలేదు, అయినా వచ్చినా. చెన్నై నుంచి ముంబై పోయే రైలు తిరుపతి ఊళ్ళోకి రాదు, గమనించినారా? శేషాచలం అడ్డం. అందుకే రేణిగుంట నుంచి తిరిగి బాలపల్లె, కోడూరు, రాజంపేట, కడప. శేషాచలం ఒక పక్క, వెలికొండలు ఇంకో పక్క, మధ్యలో చెయ్యేరు లోయ. నది తీసిన దారిలోనే పట్టాలు వేసినారు. కోడూరు బొప్పాయి, అరటి అంతా ఆ దారి పుణ్యమే. రేణిగుంట అనే ఊరు ఇంత పెరిగిందీ ఆ మలుపు వల్లే.

పాకాల_పిచ్చోడు
మా పాకాల కూడా జంక్షనే అన్నా, మరిచిపోవద్దు. కాట్పాడికి ఒకటి, ధర్మవరానికి ఒకటి.

రేణిగుంట_గేటు
జంక్షనే. ధర్మవరం లైను ఎక్కినోడు పీఠభూమి అంటే ఏందో పుస్తకం చూడకుండానే నేర్చుకుంటాడు, ఇంజను అంత నిదానంగా ఎక్కుతుంది. మదనపల్లె రోడ్డు స్టేషన్లో దిగితే ఊరు ఎంత దూరమో మండీ అన్నను అడగండి.

మదనపల్లె_మండీ
ఆటో బాడుగ టికెట్టు కంటే ఎక్కువ. అందుకే మా టమాటాకు ఎక్కువగా లారీనే.